నల్లమల దారిలో ప్లాస్టిక్: నిషేధం చాలుతుందా, డిపాజిట్ కూడా కావాలా?

అమ్రాబాద్ ఉపాధ్యాయుడు:

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళే రహదారి మన్ననూరు చెక్‌పోస్టు దాటిన తరువాత దోమలపెంట దాకా సుమారు 60 కిలోమీటర్ల మేర అమ్రాబాద్ పెద్దపులుల అభయారణ్యం గుండానే సాగుతుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను ఈ అభయారణ్యంలో 2024లో నిషేధించారు. అంతకుముందే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ అభయారణ్యంలో చెత్త వేయకూడదని స్పష్టంగా చెప్పింది. అయినా బండ్లు ఆగే ప్రతి మలుపులోనూ, కోతులు గుమిగూడే ప్రతి చోటా నీళ్ళ సీసాలూ చిప్స్ కవర్లూ పడుతూనే ఉన్నాయి. వాటిని చెంచు పిల్లలు ఏరుతూనే ఉన్నారు. ఒకరు పారేయడమూ మరొకరు వంగి ఏరడమూ శాశ్వతమైన ఏర్పాటు కావడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు.

అందుకని మేము కొందరం అటవీశాఖకు ఒక వినతిపత్రం రాస్తున్నాం. అడవిలోకి వెళ్ళే ప్రతి ప్లాస్టిక్ సీసాకూ చెక్‌పోస్టులో ఒక చీటీ అంటించి 10 రూపాయలు డిపాజిట్‌గా కట్టించుకోవాలి, ఖాళీ సీసాను అడవికి ఏ వైపున అప్పగించినా ఆ డబ్బు వెనక్కి ఇవ్వాలి. ఇది ఊహల్లోంచి పుట్టిన ఆలోచన కాదు. నీలగిరి జిల్లాలో పగిలిన మద్యం సీసాలు ఏనుగుల కాళ్ళకు గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు జోక్యం చేసుకున్నాక, 2022 నుంచి అక్కడి ప్రభుత్వ దుకాణాల్లో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, సీసా తెస్తే తిరిగి ఇస్తున్నారు. అదే ఏడాది కేదార్‌నాథ్‌లో క్యూఆర్ కోడ్ చీటీలతో నీళ్ళ సీసాలకు ఇలాంటి పద్ధతే మొదలైంది. దాని వెనుక ఉన్నది మన హైదరాబాద్ సంస్థ రీసైకల్. నల్లమలలో ఇది సాధ్యమా కాదా అన్నదే నా ప్రశ్న. వ్యతిరేకించేవారు కారణాలతో సహా చెప్పాలని కోరుతున్నాను.

దారి పక్క దుకాణం:

మాస్టారు గారికి నమస్కారం. మీ ఉద్దేశాన్ని తప్పుపట్టను, కానీ మీరు చూపించిన నీలగిరి ఉదాహరణ మనకు సరిపోదు. అక్కడ మద్యం అమ్మేది ఒక్క ప్రభుత్వ సంస్థే కాబట్టి డబ్బు తీసుకునేదీ తిరిగి ఇచ్చేదీ ఒకే చేయి. ఇక్కడ నీళ్ళు అమ్మేది మాలాంటి చిన్న కిరాణా కొట్లవాళ్ళం. పైగా సగం సీసాలు హైదరాబాద్‌లోనో కల్వకుర్తిలోనో కొన్నవి. శివరాత్రి ముందు రోజుల్లో వచ్చే బండ్లన్నింటినీ ఆపి, డిక్కీలు తెరిపించి, సీసాలు లెక్కపెట్టి చీటీలు అంటించాలంటే వరుస అచ్చంపేట దాకా పెరుగుతుంది. రాత్రి 9 గంటలకు గేటు మూసేస్తారన్న తొందర అందరికీ ఉంటుంది. ఆ తొందరలో గొడవలు పడేది గేటు దగ్గర నిలబడే చిరుద్యోగి.

ఇంకో మాట. సీసా నిషేధమంటే మా నోటి దగ్గర కూడు తీసినట్టే, కానీ చిప్స్ తయారుచేసే పెద్ద కంపెనీని మాత్రం ఎవరూ అడగరు. కవరు ఎవరు తయారుచేశారో దానిమీదే అచ్చువేసి ఉంటుంది. ఉత్పత్తిదారుల బాధ్యత పేరుతో 2022లో కేంద్రం నియమాలు తెచ్చింది కదా, వాటి ప్రకారం ఈ అడవి దారిలో దొరికిన కవర్లను వాళ్ళ చేతే తీయించమని మీ వినతిపత్రంలో ఎందుకు రాయరు?

పశువైద్యురాలు, అచ్చంపేట:

చర్చ అంతా సీసా చుట్టూ తిరుగుతోంది, కాబట్టి జంతువు వైపు నుంచి ఒక విషయం చెప్పవలసి ఉంది. చుక్కల దుప్పి గానీ కణితి గానీ మనుబోతు గానీ ఖాళీ నీళ్ళ సీసాను సాధారణంగా తినవు. వాటిని ఆకర్షించేది ఉప్పు, తిండి వాసన. అడవిలో ఉప్పు అంత సులువుగా దొరకదు గనుక మేత మేసే జంతువులు చవుడు నేలలను వెతుక్కుంటూ వెళ్ళి నాకుతాయి. చిప్స్ కవరు లోపలి గోడకు అంటుకున్న ఉప్పూ నూనే, పులిహోర మిగిలిన పల్చటి సంచీ వాటికి తిండిగానే తోస్తాయి. విడదీసి తినడానికి వాటికి చేతులు లేవు, కవరుతో సహా మింగుతాయి.

మింగిన తరువాత జరిగేది చాలా క్రూరమైనది. నెమరువేసే జంతువు కడుపులో నాలుగు అరలుంటాయి. రెండో అర నుంచి మూడో అరకు వెళ్ళే ద్వారం చిన్నది కాబట్టి మెత్తగా నలిగిన మేత మాత్రమే దాన్ని దాటగలదు. ప్లాస్టిక్ నలగదు, జీర్ణం కాదు, ముందు అరల్లోనే ఉండిపోయి క్రమంగా ఉండకట్టి గట్టిపడుతుంది. కడుపు నిండినట్టే ఉంటుంది, మేత పట్టదు, జంతువు బక్కచిక్కిపోతుంది. ఊళ్ళో ఆవుకైతే పొట్ట కోసి తీయగలం. అలా పశువుల కడుపుల్లోంచి ప్లాస్టిక్ తీయించిన పుట్టపర్తిలోని కరుణా సొసైటీ 2012లో ఈ సమస్యనే సుప్రీంకోర్టు ముందు పెట్టింది. అడవిలో దుప్పికి ఆ అవకాశం లేదు. అది ఎందువల్ల చనిపోయిందో కూడా చాలాసార్లు ఎవరికీ తెలియదు.

కోతుల సంగతి వేరు. అవి కవరు చించి తిండి తినగలవు, కాబట్టి ప్లాస్టిక్ కంటే ముందు వాటిని చంపేది రోడ్డు. బండి కిటికీలోంచి అరటిపండు విసిరేవారు పుణ్యమనుకుని విసురుతారు. రోజూ దొరికే ఆ తిండి కోసమే కోతుల గుంపులు అడవి లోపలి చెట్లు వదిలి తారు రోడ్డు అంచున కూర్చుంటున్నాయి. వినతిపత్రంలో సీసాకు డిపాజిట్ అడగండి, అడ్డుచెప్పను. తిండి కవర్ల విషయంలో మాత్రం డిపాజిట్ పనిచేయదు. 5 రూపాయల పొట్లానికి 10 రూపాయలు ఎవరు కడతారు? వాటికి పూర్తి నిషేధమే కావాలి, తిండి విసరడానికి జరిమానా కావాలి.

మ్యూనిక్ నుంచి:

నేను పుట్టింది మార్కాపురంలో, ఉంటున్నది జర్మనీలో. ఇక్కడ 2003 నుంచి ఒకసారి వాడే సీసాలకూ డబ్బాలకూ డిపాజిట్ తప్పనిసరి, ఇప్పుడది 25 సెంట్లు. ఎవరైనా పార్కులో సీసా వదిలేసినా, ఆ డబ్బు కోసం మరొకరు తీసుకెళ్ళి దుకాణంలోని యంత్రంలో వేస్తారు. దుకాణదారు గారు చెప్పిన చిక్కు ఇక్కడ లేకపోవడానికి కారణం ఒక్కటే, డిపాజిట్ దేశమంతటా ఉంది గనుక గేటు దగ్గర ఎవరినీ తనిఖీ చేయనక్కరలేదు. ఒక్క అడవి దారిలో పెట్టినప్పుడు కొన్న చోటు వేరు, ఇచ్చే చోటు వేరు అవుతుంది. ఆ తేడాను గుర్తించకుండా విదేశీ పద్ధతిని దించితే నష్టపోయేది చిన్న దుకాణాలే.

అమ్రాబాద్ ఉపాధ్యాయుడు:

దుకాణదారు గారి అభ్యంతరం బలమైనది. గేటు దగ్గర అన్ని సీసాలనూ లెక్కపెట్టాలన్న ఆలోచనను మానుకుంటున్నాం. దాని బదులు, మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంట దుకాణాల్లో అమ్మే సీసాలకే ముందుగా చీటీ అంటించి పంపాలనీ, తిరిగి తీసుకున్న ప్రతి సీసాకూ దుకాణదారుకు కొంత కమిషన్ ఇవ్వాలనీ అడుగుతాం. బయటి నుంచి తెచ్చుకునేవారి కోసం రెండు చెక్‌పోస్టుల దగ్గరా శుద్ధి చేసిన నీటి కుళాయిలు పెట్టమని కోరతాం. నీలగిరిలో 2019లో చిన్న నీళ్ళ సీసాలను నిషేధించినప్పుడు దారి పొడవునా నీటి ఏటీఎంలు పెట్టారు. దాహమేసినవాడికి నీళ్ళు చూపించకుండా సీసా లాక్కోవడం న్యాయం కాదు. మన తిరుమలలో కూడా ప్లాస్టిక్ సీసాలు ఆపి, తిరిగి ఇస్తే డబ్బిచ్చే గాజు సీసాలు అమ్ముతున్నారు. అయితే అడవి దారిలో గాజు వద్దని నా అభిప్రాయం, పగిలితే కాళ్ళు తెగేది జంతువులకే.

డాక్టరమ్మ గారి మాట విన్నాక వినతిపత్రంలో వరుస మార్చాం. మొదటి కోరిక తిండి కవర్ల గురించి, రెండోది కోతులకు తిండి విసరడం గురించి, సీసా ఆ తరువాతే. ఉత్పత్తిదారుల బాధ్యత కింద కంపెనీల పేర్లతో కవర్ల లెక్క కట్టాలన్న సూచననూ చేర్చాం. ఏరిన చెత్తను కంపెనీల వారీగా వేరుచేసి ఆ లెక్కను నెలనెలా కాలుష్య నియంత్రణ మండలికి పంపాలని అడుగుతున్నాం.

తేలనిది ఒకటి మిగిలింది. వెనక్కి రాని సీసాల డిపాజిట్ ఎవరికి చెందాలి? కొందరు పంచాయతీలకు అంటున్నారు, కొందరు అటవీశాఖకు అంటున్నారు. అది చెత్త ఏరే చెంచు కుటుంబాలకు, వారి కూలికి అదనంగా, నేరుగా చేరాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఎందుకంటే ఆ సీసాను చివరికి పొదల్లోంచి తీసేది వాళ్ళే. దీనికి ఒప్పుకోనివారు ఆదివారం లోపు ఇక్కడ రాయండి, సోమవారం సంతకాలు మొదలుపెడతాం.