చిమ్‌చార్‌తో మొదలెట్టి జియోడ్యూడ్ దగ్గర ఇరుక్కుపోయానండి, ఓర్‌బర్గ్ దాటేదెలా?

రాజోలు_జిరాక్స్:
ఆయ్, అందరికీ నమస్కారమండి. నాది రాజోలు దగ్గర జిరాక్స్ షాపు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఈగ కూడా వాలదు. మా మేనల్లుడు హైదరాబాద్‌లో స్విచ్ అనే గేమ్ మిషను కొత్తది కొనుక్కుని పాతది నాకిచ్చేశాడు. అందులో పోకెమాన్ బ్రిలియంట్ డైమండ్ ఉంది. "మావయ్యా, మొదటి జిమ్ దాటాక ఫోన్ చెయ్" అన్నాడు. జిమ్ అంటే ఊళ్ళో ఉండే పోకెమాన్ గురువుతో పందెం లెండి. ఆ ఫోన్ చేసే యోగం ఇంకా పట్టలేదు.

మొదట్లో ముగ్గుర్లో ఒకణ్ణి ఎంచుకోమంటే ముద్దొచ్చాడని చిమ్‌చార్‌ని తీసుకున్నాను. పేరు చిట్టిబాబు. తోక దగ్గర మంట వెలుగుతుంటుంది, భలే ఉంటాడు. తర్వాత స్టార్లీ అనే పిట్టని, షింక్స్ అనే కరెంటు పిల్లిని పట్టాను. ఓర్‌బర్గ్ అనే బొగ్గు గనుల ఊరు వచ్చేదాకా అంతా సాఫీగానే నడిచింది.

ఆ గనిలోకి దిగితే జియోడ్యూడ్ అని ఒకటి ఎదురౌతోందండి. బండరాయికి రెండు చేతులు, ఓ కోపం మొహం, అంతే. కాళ్ళు కూడా లేవు. చిట్టిబాబు నిప్పు విసిరితే "పెద్దగా పనిచెయ్యలేదు" అని రాస్తున్నాడు. పిట్ట పొడిచినా అదే మాట. షింక్స్ కరెంటు పెడితే అసలు ఏమీ జరగలేదట! పైగా అది డిఫెన్స్ కర్ల్ అని ముడుచుకుని ఇంకా గట్టిపడుతోంది. ఊళ్ళో జిమ్ నడిపే రోర్క్ దగ్గరా ఇదే బండ, దాని వెనక ఆనిక్స్ అని ఇంకో కొండచిలువ బండ.

రాళ్ళతో వేగడం మా ఇంటావంటా లేదండి. మా ఊళ్ళో గునపం ఎంత లోతు దింపినా ఒండ్రు, ఇసుక, ఆ కింద ఉప్పునీళ్ళు. చిన్నప్పుడు మామిడికాయ రాలగొట్టాలంటే మట్టిబెడ్డే దిక్కు. కంకర కావాలంటే రాజమండ్రి వైపు నుంచి లారీ రావాల్సిందే.

నా ప్రశ్నలు రెండు. ఉన్న ముగ్గురితో దీన్ని కొట్టే దారుందా? రెండోది, ఎక్కడ చూసినా "రాయికి నీళ్ళు పడవు, నీళ్ళ పోకెమాన్ పట్టు" అంటున్నారు. నీళ్ళకి రాయి ఓడిపోయేటట్టయితే 1852లో కాటన్ దొర కట్టి ముగించిన ఆనకట్ట ఏమైపోవాలండి? ఇదెక్కడి లెక్క?

పిప్లప్_ఫ్యాన్:
సింపుల్ బ్రో. గేమ్ మళ్ళీ మొదట్నుంచి ఆడి చిమ్‌చార్ బదులు నీళ్ళ రకం పిప్లప్ తీసుకో. ఓర్‌బర్గ్ పది నిమిషాల పని.

ముమ్మిడివరం_కొబ్బరి:
పైన చెప్పిన తమ్ముడి మాట వినకండి. చిట్టిబాబుని వదిలేసి వెనక్కి పోవడమేంటి, పాపం.

జిరాక్స్ గారూ, ముందు ఒక సంగతి పట్టుకోండి. ఈ గేములో దెబ్బలు రెండు రకాలు. గీరడం, కొరకడం, గుద్దడం లాంటివి భౌతిక దెబ్బలు, వాటిని డిఫెన్స్ ఆపుతుంది. మామూలుగా నిప్పు, నీళ్ళు, రసం పీల్చడం లాంటివి స్పెషల్ దెబ్బలు, వాటిని స్పెషల్ డిఫెన్స్ ఆపుతుంది. జియోడ్యూడ్‌కి డిఫెన్స్ 100, స్పెషల్ డిఫెన్స్ 30. కొబ్బరికాయ డొక్క తీసినవాడెవడైనా దాన్ని పెంకు మీద పొడవడు కదా, మెత్తని కన్ను చూసి పొడుస్తాడు. ఇదీ అంతే. అది డిఫెన్స్ కర్ల్ వేసి ఎంత ముడుచుకున్నా పెరిగేది ఆ 100 వైపే. 30 వైపు ఒక్క పిసరు కూడా పెరగదు.

అందుకని గనిలో దారి చూసుకునేదాకా చిట్టిబాబుతో గీరించకండి. ఎంబర్ వెయ్యండి. "పెద్దగా పనిచెయ్యలేదు" అని రాసినా సరే, దెబ్బ సగమైనా పడేది మెత్తటి వైపు. గీరుడూ సగమే, పడేది మాత్రం పెంకు మీద. షింక్స్‌ని బల్ల మీద కూర్చోబెట్టండి. జియోడ్యూడ్‌లో సగం రాయి, సగం నేల. నేలకి కరెంటు అస్సలు తగలదు.

ఇప్పుడు అసలు మందు. జుబిలైఫ్ ఊరికి ఉత్తరాన 204 రూట్‌లో గడ్డిలో తిరిగితే బడ్యూ అని చిన్న మొగ్గ దొరుకుతుంది. దానికి అబ్సార్బ్ అనే దెబ్బ ఉంటుంది. విడిగా చూస్తే దాని బలం 20, నవ్వొస్తుంది. కానీ రాయికి గడ్డి పడదు, నేలకీ గడ్డి పడదు. రెండూ కలిసిన జియోడ్యూడ్‌కి, ఆనిక్స్‌కి నాలుగు రెట్లు పడుతుంది. పీల్చిందాంట్లో సగం మన మొగ్గకే చేరుతుంది. నీళ్ళకీ అదే నాలుగు రెట్లు, కాకపోతే మీకు నీళ్ళ పోకెమాన్ వెతుక్కునే అవసరమే లేదు.

ఆనిక్స్‌ని చూసి హడలిపోకండి. డిఫెన్స్ 160 అంటే గోడే, ఒప్పుకుంటాను. కానీ దాని దాడి 45. ఆ పొడవు, ఆ అరుపు అంతా పైపై హంగామా. నాకైతే ఆ జిమ్‌లో అసలు భయం మూడోదాంతో, క్రానిడోస్. అది నీలం రంగు రాక్షసబల్లి, ఉత్త రాయి రకం, లెవెల్ 14. దాడి 125, డిఫెన్స్ 40. అది కొడితే మొగ్గలు నిలవవు.

దానికి చిట్టిబాబే ఉన్నాడు. లెవెల్ 14కి మాన్‌ఫెర్నో అవుతాడు, నిప్పుకి కుస్తీ కలుస్తుంది, మాచ్ పంచ్ వస్తుంది. ఎవడి వేగం ఎంతైనా ఆ గుద్దు ముందు పడుతుంది. అప్పటిదాకా రాతిదెబ్బకి రెండింతలు నలిగినవాడు అప్పట్నుంచి మామూలుగానే నలుగుతాడు. జిమ్‌లోకి వెళ్ళేముందు 14 చేయించండి. ఈ గేములో ఒకడు పోట్లాడితే వచ్చిన అనుభవం బల్ల మీద కూర్చున్నవాళ్ళకీ అందుతుంది కాబట్టి మొగ్గ కూడా పక్కనే పెరుగుతుంది.

ఓర్‌బర్గ్‌కి ఉత్తరాన 207 రూట్‌లో మాచాప్ కూడా దొరుకుతాడు, కుస్తీవాడు. పట్టుకుంటే మీ ఇష్టం. చిట్టిబాబు ఉండగా నేనైతే పట్టను.

లస్కర్_గారబ్బాయి:
గేమ్ సంగతి కొబ్బరి గారు చెప్పేశారు. రెండో ప్రశ్నకి నేను చెబుతానండి. మా నాన్నగారు కాలవల మీద లస్కర్‌గా చేశారు. వరదొస్తే రాత్రంతా గట్టు మీదే ఉండేవారు.

గోదారి రాయిని కరిగించదండి. రాయి జోలికే వెళ్ళదు. దాని కింద ఉన్న ఇసుకని తోడేస్తుంది. కాళ్ళ కింద నేల పోయాక రాయి దానంతటదే ఒరుగుతుంది. లంకల్లో గట్టు కోసుకుపోతుంటే రాయి పరిచి రివిట్‌మెంట్ కడతారు కదా, రెండు వరదలు గడిచాక వెళ్ళి చూడండి. రాయి ఎక్కడా అరిగి ఉండదు, జారి కిందకి కూర్చుని ఉంటుంది. కాటన్ కట్టిందీ ఇసుక మీదే, అడుగున రాతి నేల లేదు. అందుకే ఆనకట్టకి దిగువన విడిరాయి అంత వెడల్పున పరిచారు. నీళ్ళు దూకి తవ్వుకుపోతే ఆ రాయి జారి గోతిలో పడాలి, మళ్ళీ పైనుంచి పొయ్యాలి. ధవళేశ్వరం కొండ రాయి అలా ఎంత ఏట్లోకి వెళ్ళిందో. ఇప్పుడు గేట్లతో కనబడేది ఆ తర్వాత కట్టిన బ్యారేజీ అనుకోండి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు మా నాన్నగారు చెప్పేవారు, "రాయి గురించి బెంగ లేదురా, రాయి కూర్చున్న చోటు గురించే" అని.

కాబట్టి గేమ్‌వాడి లెక్క మరీ తప్పేం కాదు. కాకపోతే చేతులున్న రాయి గాల్లో తేలుతుంటే దాని కింద ఇసుక ఎక్కణ్ణుంచి తోడతారో ఆ జపాన్‌వాళ్ళే చెప్పాలి.

రాజోలు_జిరాక్స్:
కొబ్బరి గారూ, దండమండి. మొగ్గని పట్టాను, పేరు బొండుమల్లి. గనిలో రాళ్ళు టపటపా పడుతున్నాయి. చిట్టిబాబు 12లో ఉన్నాడు.

కానీ ఓ విడ్డూరం జరుగుతోంది. బొండుమల్లి నిండు ప్రాణంతో ఉన్న ఒక జియోడ్యూడ్‌ని పీల్చితే గీత సర్రున దిగింది, చివర ఒక్క హెచ్‌పీ దగ్గర ఆగిపోయింది. మళ్ళీ ఇంకోదానితోనూ అంతే. అన్నిటికీ కాదు, కొన్నిటికే. ఎంత గట్టిగా కొట్టినా సరిగ్గా ఒక్కటి మిగలడమేంటండి? మోసం కాదా?

ముమ్మిడివరం_కొబ్బరి:
మోసం కాదండి, దాని పేరు స్టర్డీ. జియోడ్యూడ్‌కి రెండు గుణాల్లో ఒకటి ఉంటుంది. రాక్ హెడ్ ఉన్నది మామూలుగా పడిపోతుంది. స్టర్డీ ఉన్నది నిండు ప్రాణంతో ఉన్నప్పుడు ఒక్క దెబ్బకి చావదు, ఒక్క హెచ్‌పీతో నిలబడుతుంది. పాత గేముల్లో ఇలా ఉండేది కాదు. అప్పట్లో స్టర్డీ అంటే ఒక్క వేటుకి చంపే ప్రత్యేకమైన దెబ్బల్ని మాత్రమే ఆపేది. 2010లో బ్లాక్, వైట్ గేములొచ్చినప్పుడు ఈ ఒక్క ప్రాణం వరం కూడా కలిపారు. ఎప్పుడో పాతవి ఆడి ఇన్నేళ్ళకి మళ్ళీ మొదలెట్టినవాళ్ళు ఇక్కడే బోల్తా పడుతున్నారు.

విరుగుడు తేలిక. నిండు గీత ఉంటేనే స్టర్డీ పనిచేస్తుంది. ముందు పిట్టతో ఓ చిన్న పోటు పొడిపించి, గీత కాస్త విరిగాక మొగ్గని దింపండి. లేదంటే రెండుసార్లు పీల్చండి, కొంపలేం మునిగిపోవు.

ఇప్పుడే చెబుతున్నాను, ముందు ముందు అసలు ప్రమాదం వేరే ఉంది. జియోడ్యూడ్ లెవెల్ 25కి గ్రావలర్ అవుతుంది. ఆ వంశానికి సెల్ఫ్ డిస్ట్రక్ట్, ఎక్స్‌ప్లోజన్ అని రెండు విద్యలున్నాయి. తాను పేలి చచ్చి మనవాణ్ణి తీసుకుపోతుంది. మొదటిదాని బలం 200, రెండోదానిది 250. మీ బొండుమల్లి అబ్సార్బ్ బలం 20 అన్నాను, గుర్తుందిగా. స్టర్డీతో ఒక్క ప్రాణం మిగిలిన గ్రావలర్ అంటే పోయేదేం లేని మనిషితో తగువు పెట్టుకోవడమే. నా స్టారావియా, అంటే స్టార్లీ ఎదిగిన పిట్ట, అలాగే పోయింది. ఊళ్ళోకి తీసుకెళ్ళి బాగుచేయించాననుకోండి.

దానికీ విరుగుడుంది. సైడక్‌లలో డ్యాంప్ అనే గుణం ఉన్నవి ఉంటాయి. తలనొప్పితో బుర్ర పట్టుకుని తిరిగే పసుపు బాతు అది. డ్యాంప్ ఉన్న సైడక్ బరిలో ఉన్నంతసేపూ ఎవడూ పేలలేడు. మందుగుండు తడిసినట్టే. లేదా గ్యాస్ట్లీ లాంటి దెయ్యాన్ని దింపండి. ఆ పేలుడు నార్మల్ రకం, దెయ్యాలకి తగలదు.

యానాం_ఫెర్రీ:
అందరూ నీళ్ళు నీళ్ళు అంటున్నారు గానీ, 2016లో సన్, మూన్ గేముల్లో వచ్చిన అలోలా జియోడ్యూడ్ సంగతి కూడా చెప్పండి. అది రాయి, కరెంటు కలిసిన రకం. నెత్తి మీద జుట్టు, దట్టమైన కనుబొమ్మలు ఉంటాయి, అదంతా అయస్కాంతానికి అతుక్కున్న ఇనప ఇసుక. మొదటిసారి చూసి తెగ నవ్వుకున్నాను. చిన్నప్పుడు సముద్రం ఒడ్డున పాత స్పీకర్ అయస్కాంతం దారానికి కట్టి నల్లిసుకలో లాగేవాళ్ళం, అచ్చం అదే మీసం వచ్చేది. గోదారి మోసుకొచ్చే నల్లిసుకలో మాగ్నటైట్ ఉంటుంది కదా.

దానికి నీళ్ళు రెండు రెట్లే పడతాయి. నేల దెబ్బలు నాలుగు రెట్లు. ఈయన ఆడే గేములో అది రాదు లెండి, ఊరికే నోరూరుకోక.

పిప్లప్_ఫ్యాన్:
పిప్లప్ ఉంటే ఇవన్నీ అక్కర్లేదు అని మాత్రం గుర్తు చేస్తున్నా.

రాజోలు_జిరాక్స్:
తమ్ముడూ, నీ పిప్లప్ బుద్ధిమంతుడే, కాదన్లేదు. మాకు చిట్టిబాబు చాలు.

ఇందాకే మాన్‌ఫెర్నో అయ్యాడండి. షాపు కట్టేసే వేళకి ఎవరో ఆధార్ జిరాక్స్ కోసం వచ్చి కౌంటర్ అవతల నిలబడి ఆ మారడమంతా నాతోపాటే చూశారు. రోర్క్ దగ్గరికి రేపు వెళతాను.

చివరగా ఒక్కటి. నేను కూడా ఓ జియోడ్యూడ్‌ని పట్టుంచుకున్నాను, ఎంతైనా ఇంట్లో ఒక రాయి ఉండాలి కదా. దాన్ని గ్రావలర్ తర్వాతి రూపం గోలెమ్ దాకా పెంచాలంటే ఎన్నో లెవెల్ కావాలి?

ముమ్మిడివరం_కొబ్బరి:
లెవెల్‌తో అవ్వదండి. గ్రావలర్‌ని వేరేవాళ్ళతో మార్చుకోవాలి, అవతలి గేములోకి వెళ్ళగానే గోలెమ్ అవుతుంది. ఆన్‌లైన్‌లో మార్చుకోవాలంటే డబ్బు కట్టి సభ్యత్వం తీసుకోవాలి. పక్కపక్కన కూర్చుంటే ఉచితం. మీ మేనల్లుడు కొత్త స్విచ్‌లో ఇదే గేమో, దీని జంట గేమ్ షైనింగ్ పెర్లో వేసుకుని ఉంటే సంక్రాంతికి వచ్చినప్పుడు పని అయిపోతుంది. మీది అటు పంపి, అది మారాక వెనక్కి తీసుకోండి. ముందు తిరిగి ఇస్తానని ఒప్పించుకోండి మరి.

పంపేముందు గ్రావలర్ చేతిలో ఎవర్‌స్టోన్ లేకుండా చూసుకోండి. అది పట్టుకుని ఉంటే మారదు. స్నోపాయింట్ ఊళ్ళో మిండీ అనే అమ్మాయి మన దగ్గర మెడిచామ్ తీసుకుని హాంటర్‌ని ఇస్తుంది. మార్పిడితో అది గెంగార్ అవుతుందని ఆశగా చూస్తే హాంటర్ హాంటర్‌లాగే ఉండిపోతుంది, చేతిలో ఎవర్‌స్టోన్ పెట్టి పంపుతుంది మరి. మేనల్లుళ్ళకి ఇలాంటివి ముందే తెలిసి ఉంటాయి.