పిల్లల చెస్ టోర్నీల్లో 30 ఎత్తుల లోపు డ్రాలను నిషేధించాలా?

ప్రశ్న (ఒక క్రీడాకారిణి తల్లి):
మా అమ్మాయి ఆడిన అండర్-13 టోర్నీ చివరి రౌండులో, మొదటి బోర్డు మీద ఇద్దరు పిల్లలు 11 ఎత్తులకే చేతులు కలిపి లేచిపోయారు. అర పాయింటుతో ఇద్దరికీ బహుమతి ఖాయమైంది. నిబంధనల ప్రకారం తప్పు లేదు గానీ, పిల్లల పోటీల్లో ఇలాంటి ఒప్పందపు డ్రాలను 30 ఎత్తుల దాకా ఆపాలని నాకు అనిపిస్తోంది.

జవాబు (మాజీ క్రీడాకారుడు):
నిషేధం కాగితానికే పరిమితమవుతుందండీ. బెర్లిన్ డిఫెన్సు అనే ఆరంభ పద్ధతిలో ఆటగాళ్లందరికీ తెలిసిన ఒక ఎత్తుల వరుస ఉంది: తెల్ల మంత్రి ఇ4, డి4 గళ్ల మధ్య, నల్ల మంత్రి ఇ6, డి6 గళ్ల మధ్య తిరుగుతూ ఉంటే, ఒకే స్థితి మూడుసార్లు వచ్చిందని ఒప్పందం లేకుండానే 14 ఎత్తులకే డ్రా కోరవచ్చు. పైగా, అలసిన రోజున స్థానాన్ని కాపాడుకోవడం కూడా ఆటలో భాగమే.

జవాబు (శిక్షకుడు):
ఆ వరుస ఇద్దరికీ ఇష్టమైతేనే సాగుతుంది. ముందే అనుకుని వస్తే అది కుమ్మక్కు కాబట్టి ఆర్బిటర్ (పోటీ న్యాయనిర్ణేత) ప్రశ్నించవచ్చు. నేను నిషేధం కోరేది వేరే కారణంతో. నా దగ్గర నేర్చుకునే పదేళ్ల అబ్బాయిని ఒక చివరి రౌండుకు ముందు ఇంట్లో వాళ్లు "సగం చాలు" అని చెప్పి పంపారు. 22వ ఎత్తుకు వాడికి సి ఫైల్లో (నిలువు వరుసలో), చివరి గడి దాకా నడిస్తే మంత్రి కాగల ఎదురులేని బంటు ఒకటి ఎక్కువగా ఉంది. ఎత్తు వేసి, డ్రా అడిగి, స్కోర్‌షీటులో సమాన గుర్తు రాశాడు గానీ, ఆ తర్వాత కూడా పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. బయటికి వచ్చాక నన్ను అడిగిన మొదటి మాట, "సార్, ఆ బంటు నడిచేదేనా?" ఆ సాయంత్రం బోర్డు పరిచి ఆడి చూశాం. నడిచింది.

పెద్దవాళ్ల మాట కాదనే ధైర్యం పదేళ్ల పిల్లవాడికి ఉండదు. నిబంధన ఉంటే కాదనాల్సిన అవసరమే రాదు. నిర్ణీత ఎత్తుల లోపు ఒప్పందపు డ్రాలను ఆపే అధికారాన్ని ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) నియమాల 9.1 నిర్వాహకులకు ఇస్తోంది. 2005లో సోఫియాలో జరిగిన ఎమ్‌టెల్ మాస్టర్స్‌లో గ్రాండ్‌మాస్టర్లకే, ఒకరినొకరు డ్రా అడగకూడదని నియమం పెట్టారు.

ప్రశ్న అడిగిన తల్లి:
ఆట మధ్యలో జ్వరం వచ్చిన పిల్లల సంగతేమిటి?

శిక్షకుడు:
ఆర్బిటర్ అనుమతితో డ్రా చేసుకోవచ్చనే వెసులుబాటును ఆ నియమంలోనే చేర్చవచ్చమ్మా. తర్వాతి టోర్నీ ప్రకటన వెలువడక ముందే నిర్వాహకులకు రాయండి. నేనూ సంతకం చేస్తాను.