ఎంటెక్ చదివి పింఛన్లు పంచుతున్నా. ఈ నీరసం పొగరేనా?

తూరుపుగాలి:
గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని. చదివింది ఎంటెక్. 2019 అక్టోబర్ 2న సచివాలయాలు మొదలైనప్పుడు మొదటి బ్యాచ్‌లోనే చేరాను. రెండేళ్ల ప్రొబేషన్, నెలకు పదిహేను వేలు అన్నారు. ఆ రెండేళ్లు సాగి సాగి 2022 జూలైకి గానీ పేస్కేల్ రాలేదు. అప్పుడు కూడా ఇంత బాధ లేదు. ఇప్పుడు పొద్దున లేవాలంటేనే కాళ్లు రావట్లేదు. రక్తపరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. మా బావేమో "ఫ్యాన్ కింద కూర్చునే పనికి బర్నౌటేంట్రా, చదువెక్కువై పొగరు" అంటాడు. చదువుకు తగని పని చేస్తే మనిషి నిజంగా అలిసిపోతాడా? లేక బావే కరెక్టా?

కరకు_మాట:
బావే కరెక్టు. ఆ పోస్టుకి ఎంటెక్ ఎవరూ అడగలేదు. ఏం పనో తెలిసే పరీక్ష రాశారు, ఉద్యోగం కొట్టారు. మెరిట్ లిస్టులో మీ కింద మామూలు డిగ్రీ కుర్రాడు ఒకడు ఆగిపోయాడు, వాడు మీ సీట్లో ఉంటే ఎగిరి గంతేసేవాడు. మా వీధిలో ఎంబీఏ చేసి ఆటో తోలేవాడున్నాడు. వాడికి ఈ మాటే తెలీదు.

పల్లె_ఉద్యోగిని:
కరకు గారూ, మాట తెలియకపోతే నొప్పి లేనట్టా? ఆటో అతన్ని అడిగి చూశారా?

నేను వెల్ఫేర్ అసిస్టెంట్‌ని, నాదీ పీజీయే. 2024 జూలై నుంచి ఇంటింటి పింఛన్లు మా మీదే పడ్డాయి. ఒకటో తారీఖు తెల్లవారుజామునే బయల్దేరాలి. పొగాకు పనికి పోయి పోయి అరిగిన వేళ్లు ఒక అవ్వవి. తడిగుడ్డతో తుడిచి బొటనవేలు పెట్టిస్తే పడదు, చూపుడువేలు పడదు, ఆఖరికి ముఖం చూపిస్తే యాప్ ఓకే అంటుంది. ఆవిడ పింఛను నాలుగు వేల రూపాయలూ రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంటుంది. ఆ రోజు ఒళ్లు హూనమవుతుంది, కానీ విసుగు రాదు. నా పీజీ గుర్తు కూడా రాదు.

విసుగంతా ఆ తర్వాతే. అదే అవ్వ ఇంటికి ఈ-కేవైసీ అని ఒకసారి, సర్వే అని ఒకసారి, మొన్నటి సర్వేలో ఒక కాలమ్ మిగిలిందని ఇంకోసారి. సర్వర్ పడుకుంటుంది. రాత్రికి వాట్సాప్ గ్రూపులో పర్సంటేజీల లిస్టు, వెనకబడ్డ వాళ్ల పేర్లు ఎర్ర రంగులో. "మళ్లీ ఎందుకొచ్చావమ్మా" అని అవ్వ అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబుండదు.

నిదానం:
ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను జబ్బుల కింద కాకుండా, ఉద్యోగం వల్ల వచ్చే స్థితిగా తన వర్గీకరణ పట్టిక ఐసీడీ-11లో చేర్చింది. ఒంట్లో శక్తి లేకపోవడం, పని మీద విరక్తి, నా వల్ల ఏమీ కావట్లేదన్న భావన, ఇవి గుర్తులు. డిగ్రీ ఎంత పెద్దదన్న మాట అందులో లేదు. తూరుపుగాలి గారూ, ఇంట్లో ఉన్నప్పుడూ, సెలవు రోజూ ఇలాగే ఉంటే మాత్రం అది డిప్రెషన్ కూడా కావచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

తూరుపుగాలి:
ఆదివారాలు బాగానే ఉంటానండీ. సాయంత్రం నుంచే గుండె దడ.

మేడమ్ సర్వేల సంగతి చెప్పాక ఒకటి గుర్తొచ్చింది. నిరుడు ఒక సర్వేకి మిగిలిన ఇళ్ల లిస్టు వీధుల వారీగా దానంతటదే విడిపోయేలా ఎక్సెల్‌లో చిన్న ఏర్పాటు చేశాను. రెండు రోజుల పని ఒక పూటలో తేలింది. మండలంలో సారుకి సంబరంగా చూపించాను. "ఇదంతా నిన్నెవరు చేయమన్నారు? ఇచ్చిన ఫార్మాట్లో నింపి పంపు" అన్నారు. చేత్తో మళ్లీ నింపాను. ఆలోచిస్తే ఈ నీరసం ఆ వారం నుంచే.

కరకు_మాట:
సారు చేసింది తప్పే. అయినా ఇంత తెలివుంటే గ్రూప్-2 రాసుకోండి, ఇక్కడ ఏడుపెందుకు?

తూరుపుగాలి:
రెండుసార్లు రాశాను బ్రదర్.

పల్లె_ఉద్యోగిని:
ఆ ఎక్సెల్ ఫైల్ ఇంకా ఉందా అండీ? నాకు శుక్రవారం లోపు అరవై రెండు ఇళ్లు మిగిలున్నాయి. పంపితే మా సారుకి చూపించన్లెండి.