దక్షిణావర్తం: కుడా, ఎడమా?

మొన్న ఆదివారం సికింద్రాబాద్ జనరల్ బజార్ వైపు వెళ్తే, పూజా సామాన్ల కొట్టాయన తెల్లటి శంఖం ఒకటి చేతిలో పెట్టి "దక్షిణావర్తం సార్, ఇంట్లో ఉంటే లక్ష్మీదేవి ఉన్నట్టే" అన్నాడు. మా అమ్మాయి ఫోన్‌లో వెతికి "నాన్నా, ఇంగ్లీషులో దీన్ని ఎడమ చుట్టు అంటున్నారు" అంది. దక్షిణం అంటే కుడి కదా, మరి తప్పెవరిది?

— ఎవరిదీ కాదండీ, పట్టుకోవడంలో ఉంది తేడా. జంతుశాస్త్రం వాళ్లు చుట్లు మొదలయ్యే కొనను పైకి పెట్టి చూస్తారు. నోరు ఎడమకు పడితే ఎడమ చుట్టు. మనం నీళ్లు జారే కొనను ముందుకు పెట్టి పట్టుకుంటాం, అదే నోరు కుడికి వస్తుంది. తమిళులూ వలంపురి అనే అంటారు. వలం అంటే కుడి. మనకూ ఉందిగా, కాడికి కుడివైపు వలపటి ఎద్దు, ఎడమవైపు దాపటి ఎద్దు!

— మా తాత "ఎలపట, దాపట" అనేవాడు. ట్రాక్టర్ వచ్చాక ఎడ్లతోపాటే ఆ మాటలూ పోయాయి. శంఖంలో దొరుకుతాయనుకోలేదు.

— ఇంకో చిక్కు వినండి. సంస్కృతంలో సవ్యం అంటే ఎడమ. ఎడమ చేత్తోనూ బాణం వేస్తాడు కాబట్టే అర్జునుడు సవ్యసాచి. మన లెక్కల పుస్తకంలో మాత్రం గడియారం ముల్లు తిరిగేది సవ్యదిశ! జంధ్యం ఎడమ భుజం మీద ఉంటే సవ్యం, అదే మామూలు పద్ధతి. 'సవ్యంగా' అంటే 'సరిగ్గా' అనే అర్థం అక్కడి నుంచే వచ్చిందేమోనని నా ఊహ.

— మాటలు సరే, కొనలేదు కదా సార్? మన పూజల శంఖం మన్నార్ సింధుశాఖ లాంటి చోట్ల ఇసుక అడుగున పురుగుల్ని తిని బతికే నత్తది. అందులో దక్షిణావర్తం బహు అరుదు. ఆ పేరుతో అమ్మేది చాలాసార్లు అమెరికా తీరపు లైట్నింగ్ వెల్క్ అనే సముద్రపు నత్త గుల్ల. దానికి ఎడమ చుట్టే మామూలు. ఇసుకలో ఆల్చిప్పల్ని పట్టుకుని, తన గుల్ల అంచుతోనే వాటిని తెరిచి తినేస్తుంది. టెక్సాస్ వాళ్లు 1987లో దాన్ని తమ రాష్ట్ర గుల్లగా ప్రకటించుకున్నారు కూడా. శంఖం నోట్లో వేలు పెట్టి చూడండి. అసలుదానికి లోపలి కాడ మీద మూడు నాలుగు మడతలు తగులుతాయి.

— కొనేశానండీ. ఇప్పుడే చూశా, నున్నగా ఉంది. మా ఆవిడేమో "శంఖంలో పోస్తేనే తీర్థం అన్నారు గానీ, ఏ దేశపు శంఖమో చెప్పలేదుగా, ఉండనీండి" అంటోంది.