వాక్య ప్రసంగం 15 నిమిషాలకు తగ్గిపోయింది, పాస్టర్ గారితో ఎలా మాట్లాడాలి?

అందరికీ వందనాలు. మాది దేవరకొండ దగ్గర చిన్న క్రైస్తవ సంఘం, ఆదివారం 80 మంది దాకా కూడుకుంటాం. రెండేళ్ల క్రితం వరకు వాక్యం 45 నిమిషాలు ఉండేది, ఇప్పుడు 15 నిమిషాలే. మిగతా సమయమంతా రంగు లైట్లు, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్), రీల్స్ కోసం వీడియోలు. పోయిన ఆదివారం ముందు చాప మీద కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్న ఒక పెద్దమ్మను, కెమెరాకు అడ్డమని పక్కకు జరగమన్నారు. ఆమె కొంగు సర్దుకుని, బైబిలు పట్టుకుని గోడ వారకు వెళ్లి కూర్చుంది. నాకు కన్నీళ్లు ఆగలేదు.

సంగీతం తప్పని నేను అనను, డప్పు కొట్టి పాడుకున్న సంఘమే మాది. కానీ ఆరు వారాల ప్రసంగాలు నోట్‌బుక్‌లో రాసుకుంటే పాపం, పశ్చాత్తాపం, సిలువ అనే మాటలు ఒక్క వారమే వచ్చాయి. మిగతావన్నీ ఉద్యోగం, వీసా, విజయం. జ్ఞానం కావాలన్న గ్రీకు పట్టణం కొరింథులో కూడా పౌలు ప్రకటించింది సిలువ వేయబడిన క్రీస్తునే కదా (1 కొరింథీ 1:23).

పాస్టర్ గారిని రెండుసార్లు ఒంటరిగా కలిశాను. "యూత్ హైదరాబాద్ సంఘాలకు పోతున్నారు, కాలంతో పాటు మారాలి" అన్నారు. ఆయన బాధ కూడా నిజమే. పెద్దల మీటింగ్‌లో "ఈ లోక మర్యాదను అనుసరింపక" అనే రోమా 12:2 చూపిస్తే వాదన అయింది. బుధవారం బైబిల్ స్టడీ పెడితే మూడో వారానికి నలుగురం మిగిలాం.

సంఘం చీలకుండా, కాపరిని నొప్పించకుండా వాక్యానికి మళ్లీ సమయం తెచ్చుకున్నవాళ్లు మీలో ఉంటే, ముందుగా ఏం చేశారో చెప్తారా?