ఇక్కడ గొల్టి, అక్కడ అరవ: పద్నాలుగేళ్ల పిల్లని ఊరికి బలవంతంగా తీసుకెళ్లాలా?

విల్లివాక్కం అమ్మ: మాది ఒంగోలు, ఆయనది తిరునెల్వేలి. ఉండేది చెన్నైలో. పాప తొమ్మిదో తరగతి. స్కూల్లో కొందరు దాన్ని ‘గొల్టి’ అంటారు, తెలుగువాళ్లని వెక్కిరించే మాట. సెలవులకి ఒంగోలు వెళ్తే మా అన్నయ్య పిల్లలు ‘అరవమ్మాయి’ అంటారు. పోయిన వేసవిలో వడ్డిస్తుంటే ‘చాలు’ అనబోయి ‘పోదుం’ అంది. పెద్దవాళ్లతో సహా అందరూ నవ్వారు. అది విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఈసారి రానంటోంది. ఆయన వదిలెయ్యమంటారు. ఇప్పుడు వదిలేస్తే తెలుగే పోతుందని నా భయం. ఏం చెయ్యమంటారు?

పెరంబూరు తాతయ్య: తీసుకెళ్లండమ్మా. 1953లో ఆంధ్ర విడిపోయినప్పుడు మదరాసు మనకు రాలేదు. ఇక్కడే ఉండిపోయిన మాబోటి వాళ్లం నాలుగు మాటలు పడే బతికాం. మా నాన్న రోజూ పలక మీద అఆలు దిద్దించేవారు. 2006 చట్టంతో బడిలో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరైంది. మా వీధిలో తెలుగు మాట్లాడే పిల్లల్లో శుభలేఖ చదవగలిగేది ఇద్దరే. పాపకి రాయడం వచ్చా? ముందు అది చెప్పండి.

నెల్లూరు శీను: అరవ అనేది తిట్టు కాదండీ. మావైపు తమిళాన్ని అరవం అనే అంటాం.

విల్లివాక్కం అమ్మ: మీకు కాకపోవచ్చు. పాపకి రాయడం రాదు తాతగారూ, కూడబలుక్కుని చదువుతుంది.

నెల్లూరు శీను: బ్రౌన్ నిఘంటువులోనూ అరవము అంటే తమిళ భాష అనే ఉంది. మాటలో తప్పు లేనప్పుడు పిల్లకి అదే చెప్పి ధైర్యం నూరిపోయాలి గానీ, ఊరు మానిపిస్తారా?

బడి మేడమ్: నేను స్కూల్లో కౌన్సెలర్‌ని. జాన్ బెర్రీ అనే మనస్తత్వవేత్త బృందం 13 దేశాల్లో వలస కుటుంబాల టీనేజ్ పిల్లల్ని పరిశీలించి 2006లో ఒక పుస్తకం తెచ్చింది. ఇంటి సంస్కృతినీ, ఉన్న ఊరి సంస్కృతినీ రెండింటినీ ఉంచుకున్న పిల్లలు మెరుగ్గా నిలదొక్కుకున్నారు. వివక్ష ఎక్కువగా ఎదురైన పిల్లలు ఇబ్బంది పడ్డారు. మీ పాప వలస వచ్చింది కాదు గానీ, ఈ రెండు విషయాలూ దానికీ వర్తిస్తాయి. తెలుగు కావాలి, నిజమే. ఎగతాళి పడితే గట్టిపడతారంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆ రోజు నవ్వినవాళ్లని ఎవరైనా ఆపారా?

పెరంబూరు తాతయ్య: మా కాలంలో కౌన్సెలర్లు లేరు. పడ్డాం, లేచాం. అసలు మీ ఆయనకి తెలుగు నేర్పించారా అమ్మా? తండ్రి ముక్క మాట్లాడని ఇంట్లో పిల్లకెలా వస్తుంది? పట్టు లేకుండా పెంచి ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం?

విల్లివాక్కం అమ్మ: పట్టు లేదా? పెళ్లయి పదహారేళ్లు. మా వాళ్లు పెళ్లికి రాలేదు. ఆయన్ని ఒక్కసారి కూడా ఇంటికి రమ్మనలేదు. ప్రతి వేసవీ సెంట్రల్ దాకా వచ్చి, మా ఇద్దరికీ నీళ్ల సీసా కొనిచ్చి, రైలు కదిలాక వెనక్కి పోతారు. పాప అక్కడ చక్కగా తెలుగు మాట్లాడితే ఏదో ఒక రోజు ఆయన్నీ పిలుస్తారని ఆశపడ్డాను. ఆ రోజు నవ్వినప్పుడు నేను కూడా ఆపలేదు మేడమ్.

టీనగర్ రమ్య: మా అమ్మ తమిళం, నాన్న తెలుగు. అమ్మని గుమ్మం దాటనివ్వని ఇల్లు ఏదో నాకు ఆరో తరగతిలోనే తెలుసు. అక్కడ ఎంత నోరు పెగుల్చుకున్నా మాట వచ్చేది కాదు. మీ పాపకీ తెలిసే ఉంటుంది ఆంటీ.

నెల్లూరు శీను: అదంతా వేరే గొడవ. ‘అరవ’ అనే మాటకీ దీనికీ సంబంధం లేదు.

పెరంబూరు తాతయ్య: నోరు జారాను తల్లీ, క్షమించు. అయినా తీసుకెళ్లమనే అంటాను. మా అబ్బాయి డల్లాస్‌లో పంజాబీ అమ్మాయిని చేసుకుంటే రెండేళ్లు మాట్లాడలేదు నేను. మనవడికిప్పుడు పన్నెండు. ఫోన్లో ‘హాయ్ తాతా’ అంటాడు. ‘బాగున్నావా నాన్నా’ అంటాను. ఆ తర్వాత ఇద్దరికీ మాట ఉండదు. మీ నాన్నగారికి ఆ గతి పట్టకూడదు.

బడి మేడమ్: అయితే ఆ మాట చెప్పాల్సింది ఒంగోలు తాతగారికి, పాపకి కాదు.

విల్లివాక్కం అమ్మ: రాత్రి పాపని అడిగాను. ‘అప్పా వస్తే వస్తా’ అంది. పొద్దున అమ్మకి ఫోన్ చేసి అదే చెప్పాను. ‘నాన్నగారిని అడిగి చెప్తా’ అని పెట్టేసింది. మూడో టికెట్ ఆర్ఏసీలో దొరికింది, తీసి ఉంచాను.