ఒక్క లైను స్క్రిప్టు పెడితే సైటు అందరికీ పనికొస్తుందా?

కోడ్_కూలీ
ఆరేళ్ల కిందట ఎవరో కట్టిన టికెట్ బుకింగ్ సైటు ఇప్పుడు నా చేతికొచ్చింది. చూపు లేనివాళ్లు బుక్ చేసుకోలేకపోతున్నారని క్లయింటుకు ఫిర్యాదులు వచ్చాయి. ఒక విడ్జెట్ (సైటుకు పైనుంచి తగిలించే టూల్) కంపెనీ వాళ్లేమో "మా స్క్రిప్టు ఒక్క లైను అతికించండి, యాక్సెసిబిలిటీ, అంటే వైకల్యం ఉన్నవాళ్లూ వాడుకునేలా చేయడం, మొత్తం మేం చూసుకుంటాం" అంటున్నారు. కోడ్ మొత్తం సరిచేయాలంటే నాకు రెండు నెలలు పడుతుంది. విడ్జెట్‌తో సరిపెట్టొచ్చా? క్లాసు పీకకుండా చెప్పండి.

చెవులతో_చదువరి
నాకు చూపు లేదు, తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడతాను. అలాంటి విడ్జెట్ ఉన్న సైటు తెరవగానే "స్క్రీన్ రీడర్ మోడ్ ఆన్ చేయాలా?" అని అడుగుతుంది. నా దగ్గర స్క్రీన్ రీడర్ లేకపోతే ఆ ప్రశ్న నాకెలా వినపడుతుందండీ? చేతిలో కర్ర ఉన్నవాడికి ఇంకో కర్ర అడ్డం పెట్టినట్టు ఉంటుంది.

బుకింగ్ సైట్లలో నేను ఆగిపోయేది క్యాలెండర్ దగ్గర. తేదీలన్నీ ఉత్త డివ్‌లు, అంటే కోడ్‌లో బటన్లని చెప్పని వట్టి పెట్టెలు. మౌస్‌తో నొక్కితే పనిచేస్తాయి, ట్యాబ్ కొడితే ఒక్కదాని మీదా ఆగదు. విడ్జెట్ ఊహించి "ఇది బటన్" అని పేరు తగిలించినా, ఎంటర్ నొక్కినప్పుడు ఏం జరగాలో మీ కోడ్‌లో రాసి ఉండాలి కదా.

చత్వారం
నేను ఒప్పుకోను. నా కంటిచూపు మందగించింది, ఆ విడ్జెట్లు నాకు బాగా పనికొస్తాయి. ఒక్క నొక్కుతో అక్షరాలు పెద్దవవుతాయి, వెనక రంగు నల్లగా మారుతుంది. బ్రౌజర్లోనే జూమ్ ఉంటుందని మా వయసువాళ్లలో ఎంతమందికి తెలుసు? ఈ చర్చ ఎప్పుడూ స్క్రీన్ రీడర్ చుట్టూనే తిరుగుతుంది. మేం కూడా ఉన్నాం.

ట్యాగు_పిచ్చోడు
చత్వారం గారూ, మీ మాట న్యాయమే. అయితే మీకు కావాల్సినవి సైటులోనే ఉండాలని డబ్ల్యూసీఏజీ (వెబ్ యాక్సెసిబిలిటీకి అంతర్జాతీయ మార్గదర్శకాలు) ఎప్పుడో చెప్పింది. 2008లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచీ మామూలు అక్షరాలకూ వాటి వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి, అక్షరాలను 200 శాతానికి, అంటే రెట్టింపుకు, పెంచినా పేజీలో ఏదీ తెగిపోకూడదు. లేత బూడిద రంగు అక్షరాలు పెట్టిన డిజైనర్ తప్పును మీ చేత ఒక బటన్ నొక్కించి దిద్దించడం ఏం పద్ధతి?

కోడ్_కూలీ, "మొత్తం మేం చూసుకుంటాం" అన్నవాళ్లను మాత్రం నమ్మకు. తమ టూల్ పెడితే ఏ సైటైనా డబ్ల్యూసీఏజీ ప్రకారం మారిపోతుందని ప్రచారం చేసినందుకు 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ యాక్సెసిబీ అనే కంపెనీని 10 లక్షల డాలర్లు కట్టమంది.

లెక్కల_మనిషి
అందరూ ఆదర్శాలు చెబుతున్నారు. రెండు నెలల జీతం ఎవరిస్తారు? క్లయింటు ఇవ్వనంటే ఏమీ చేయకుండా కూర్చోవాలా? అసలేమీ లేకపోవడం కన్నా విడ్జెట్ నయం.

ట్యాగు_పిచ్చోడు
ఏమీ లేకపోతే కనీసం ఫిర్యాదు బతికి ఉంటుంది. విడ్జెట్ పెట్టాక "అది అయిపోయిందిగా" అని క్లయింటు ఫైలు మూసేస్తాడు. అలా మూసేసినవి నేనే చూశాను.

అయినా రెండు నెలలు అన్నిటికీ పట్టవు. వెబ్‌ఎయిమ్ అనే యాక్సెసిబిలిటీ సంస్థ వాళ్లు 2024లో పది లక్షల హోమ్ పేజీలు పరీక్షిస్తే 95.9 శాతంలో తప్పులు దొరికాయి. ఎక్కువగా కనబడినవి వెలిసిన రంగులు, ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే మాటలు) లేని బొమ్మలు, లేబుల్ లేని ఫారం పెట్టెలు. ఇవి దిద్దడానికి కావాల్సింది ఓపికే. (ఊరికే అలంకారానికి పెట్టిన బొమ్మకు ఆల్ట్ ఖాళీగా వదిలెయ్, "నీలం గీత" అని రాయకు. వినేవాళ్లు చచ్చిపోతారు.) నిజంగా టైం తినేది క్యాలెండరే.

కోడ్_కూలీ
నిన్న రాత్రి ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని నా సైటులోనే టికెట్ కొనబోయాను. మొదటి పేజీలోనే "లేబుల్ లేని బటన్" అని తొమ్మిది సార్లు విన్నాను. ఎలాగో పేమెంట్ దాకా వెళ్లేసరికి మూడు నిమిషాల టైం అయిపోయి మళ్లీ మొదటికి తోసేసింది. చూపున్న నాకే టెన్షన్ వచ్చింది.

బటన్ల పేర్లు ఈ వారమే పెట్టేస్తాను. టైం అయిపోయే ముందు పొడిగించుకునే వీలు కూడా ఇస్తాను. కానీ క్యాలెండర్ మళ్లీ రాయాలంటే భయంగా ఉంది.

చెవులతో_చదువరి
నాకు క్యాలెండర్ ఎందుకండీ? పక్కన తేదీ టైప్ చేసుకునే పెట్టె ఒకటి పెట్టండి, ఏ వరుసలో రాయాలో లేబుల్‌లో చెప్పండి. చాలు.

వణుకు_వేళ్లు
ఆగండి. టైప్ చేయడం నాకు నరకం, చేతులు వణుకుతాయి. క్యాలెండర్ తీసేయకండి, తేదీల గడులు పెద్దవి చేయండి. 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో నొక్కే చోటుకు 24 పిక్సెళ్లు కనీస కొలత. నన్నడిగితే అది కూడా చాలదు.

కోడ్_కూలీ
అయితే రెండూ ఉంచుతాను. ఇంకొక్కటి. టైప్ చేసిన తేదీ తప్పయితే ఇప్పుడు పెట్టె చుట్టూ ఎర్ర గీత వస్తుంది. అది సరిపోతుందా?

చెవులతో_చదువరి
ఎరుపు నాకు వినపడదు కదండీ.

ట్యాగు_పిచ్చోడు
తప్పేమిటో పెట్టె కిందే మాటల్లో రాసి, ఏరియా-డిస్క్రైబ్డ్‌బై అనే కోడ్ గుర్తుతో పెట్టెకు ముడిపెట్టు, స్క్రీన్ రీడర్ దాన్ని పెట్టెతో పాటే చదువుతుంది. "చెల్లదు" అని వదిలేయకు, "ఈ తేదీ దాటిపోయింది" అని రాయి. చత్వారం గారు కూడా చదువుకుంటారు.

చత్వారం
పెద్ద అక్షరాల్లో అయితేనే.